ఎన్నేళ్ళ పందికి అన్ని గంటలు

జ్ఞానప్రకాశం పేరులో జ్ఞానమూ ఉంది, ప్రకాశమూ ఉంది. టెలిఫోను చెవికి ఆనిందంటే మాత్రం రెండూ ఆయన్ని నడివీధిలో వదిలేసి చెరో సందులోకి తప్పుకుంటాయి.

2006లో ఎండలు ముదిరిన ఒక శుక్రవారం, అనకాపల్లి రైల్వే గేటు దగ్గర త్రినాధరావు కిరాణా కొట్టుకి ఆయన కోసం ఫోనొచ్చింది. ఆయన పంది మాంసం కొట్టు ఆ పక్కనే. కూతురు షెకీనా అత్తవారి ఊరు మాడుగులలో, బస్టాండు ఎదురుగా హల్వా కొట్టుకి వేలాడే రూపాయి బిళ్ళ ఫోను దగ్గర నిలబడి మాట్లాడుతోంది. అక్కడ బస్సు హారను, ఇక్కడ గూడ్సు బండి కూత. ఆ రెండింటి నడుమ ఇరుక్కున్న తండ్రి చెవికి చేరినది ఇది:

"నాన్నా... ఇంట్లో ఐరన్ లేదంట. బాగా ఇబ్బందంట. తొందరగా సూసుకోవాలంట..."

"ఐరనేనా? ఓసింతేనా! రేపొద్దున్నకల్లా నానే అట్టుకొచ్చెత్తాను."

"నువ్వు అట్టుకురావడమేటి నాన్నా?"

బిళ్ళకి కాలం తీరింది. ఫోను కుయ్యిమని ఊరుకుంది.

ఇస్త్రీ పెట్టె లేక కూతురు ఇబ్బంది పడుతోందన్న సంగతి జ్ఞానప్రకాశం గుండెలో ముడత పెట్టింది. త్రినాధరావుని సలహా అడిగాడు.

"ఇప్పుడు నీళ్ళోసుకునే ఇస్త్రీ పెట్టెలొచ్చేయి బావా," అన్నాడు త్రినాధరావు. "నీళ్ళోసుకున్న పిల్లకి అలాటిదే ఇయ్యాల."

షెకీనాకి ఏడో నెల. తొలిచూలు. సలహా సబబుగా తోచింది. మర్నాడు పొద్దున్నే అట్టపెట్టెని చంకన పెట్టుకుని మాడుగుల బస్సెక్కాడు.

వియ్యపురాలు కృపావతి గుమ్మంలోనే ఎదురైంది. పేరులో కృప ఉన్న మాట నిజమే. నాలుక మీద మాత్రం కాస్త కారం చల్లుకుని మాట్లాడుతుంది. మనిషి మంచిది. అట్టపెట్టె విప్పి, లోపలున్నదాన్ని బయటికి తీసి, దాని తోక పట్టుకుని నిలబడింది.

"ఇదేటన్నయ్యగారూ?"

"ఐరన్, సెల్లెమ్మా."

"మా ఇంట్లో రెండున్నాయి. ఒకటి కాలుద్ది, ఒకటి కాలదు. మా ఇంట్లో ఇస్త్రీకి కూడా గతి లేదని మీ అమ్మాయి గాని చెప్పిందా మీకు?"

ఈ స్త్రీకి ఈ ఇస్త్రీ తేవడం ఎంత పొరపాటో జ్ఞానప్రకాశానికి అప్పుడే తెలిసింది. ఈలోగా షెకీనా గోడ పట్టుకుని వచ్చింది. పెట్టె వంక చూసింది, తండ్రి వంక చూసింది, పెదవి కొరుక్కుంది.

"ఇంట్లో కాదు నాన్నా," అంది చెవిలో. "ఒంట్లో."

ఆయన అప్పుడు కూతుర్ని సరిగ్గా చూశాడు. ఆ కొరుక్కున్న పెదవిలో ఎరుపు లేదు. గోళ్ళు ఉప్పునీళ్ళలో నానినట్టున్నాయి. పదడుగులు నడిచినందుకే ఆయాసపడుతోంది. నలభై ఏళ్ళుగా మాంసం రంగు చూసి బతికిన మనిషికి రక్తం లేకపోవడమంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

కృపావతి ఇంకా జవాబు కోసమే నిలబడి ఉంది. ఇప్పుడు నిజం చెబితే, డాక్టరమ్మ మాట తమకి చెప్పకుండా పుట్టింటికి ఎందుకు చేరిందని ఇంకో పేచీ. జ్ఞానప్రకాశం నోటికొచ్చింది అనేశాడు.

"ఇది మా వైపు ఆచారం సెల్లెమ్మా. ఏడో నెల్లో పుట్టింటోళ్ళు పిల్లకి ఇనప వస్తువెట్టాల. దిష్టి తగలదు."

"మాకు తెలీదే! ఎప్పటి ఆచారం?"

"మా తాతలనాటిది."

"మీ తాతలనాడు కరెంటుందా అన్నయ్యగారూ?"

"అప్పుడు బొగ్గుల పెట్టె సెల్లెమ్మా!"

కృపావతి మెత్తబడింది. ఆచారమంటే ఆవిడకి గౌరవం. పెట్టెని తీసుకెళ్ళి బైబిలు పక్కన బీరువా మీద పెట్టింది. అక్కడినుంచి అసలు కబుర్లు మొదలయ్యాయి. షెకీనా రక్తం ఎనిమిదికి పడిపోయిందట. పదకొండు దాకా ఉండాలట. డాక్టరమ్మ ఐరన్ మాత్రలిచ్చింది. ఖాళీ కడుపున వేసుకుంటే వాంతి. తిని వేసుకుందామంటే పిల్లకి ముద్ద దిగదు. అన్నం కంపు, పప్పు కంపు, ఆఖరికి హల్వా కూడా కంపేనట. మాడుగులలో ఉండి హల్వా కంపంటే రోగం ఎంత ముదిరిందో చూసుకోండని కృపావతి ముక్కు చీదింది. ఇలాగే సాగితే కాన్పుకి వైజాగు పెద్దాసుపత్రికి పోయి, రక్తం సిద్ధం చేసి పెట్టుకుని, ఆపై దేవుడి దయ.

"మరేటి తినాలనుందమ్మా నీకు?" అన్నాడు తండ్రి.

షెకీనా అత్తగారి వైపు ఓ చూపు చూసి తల దించుకుంది. "అమ్మ వండే పంది కూర."

కృపావతి ఇంట్లో పంది కూర వండరు. ఆ కూర వండిన నూకరత్నానికి రెండేళ్ళ కిందట నూకలు చెల్లిపోయాయి. పేరులోనే అన్ని నూకలున్న మనిషికి నలభై నాలుగేళ్ళకే ఎలా చెల్లాయన్నది జ్ఞానప్రకాశానికి ఈ రోజుకీ అర్థం కాని లెక్క.

"నాను తీసుకెల్తాను," అన్నాడు.

"తల్లి లేని ఇంట్లో ఎవరు చూస్తారన్నయ్యగారూ?"

"తండ్రి ఉన్నాడు కద సెల్లెమ్మా."

కృపావతి ఒప్పుకుంది గాని గడువు పెట్టింది. నెలరోజులు. ఆలోగా రక్తం ఎక్కకపోతే తనే వచ్చి పిల్లని సరాసరి వైజాగు తీసుకెళ్ళిపోతుంది.

ఇక్కడ జ్ఞానప్రకాశం గొప్ప గురించి నాలుగు మాటలు చెప్పాలి. అనకాపల్లిలో ఆయన్ని "ఎనిమిది నెలల ప్రకాశం" అంటారు. ఎనిమిది నెలల పందిని తప్ప మెచ్చడు. ఆరు నెలల్లోపుది నీరు, ఎనిమిది నెలలది వెన్న, రెండేళ్ళు దాటితే పట్టుదల, నాలుగేళ్ళు దాటితే పగ అంటాడు. అదే ముదిరిన మగపందైతే పొయ్యి మీద పెట్టిన సంగతి మూడు వీధులకి ముక్కు ద్వారా తెలుస్తుందట. పందిని తాడుతో తెచ్చి నిలబెడితే చాలు, గిట్టలు చూసి, వెంట్రుక గీరి, దవడ విప్పి ఇన్ని నెలలని చెప్పేస్తాడు. తన పెళ్ళి ఏ సంవత్సరమో అడిగితే తడుముకుంటాడు.

నూకరత్నం ఉన్న రోజుల్లో కొట్లో రెండు కొక్కేలుండేవి. ఎడమ కొక్కేనికి లేతది, కుడి కొక్కేనికి ఈని ఈని ముదిరిన తల్లిపంది. కుడిదాన్ని బెల్లం బట్టీల కూలీలు ఉప్పు రాసి ఎండబెట్టుకునే కండలకి పట్టుకెళ్ళేవారు. ఆదివారం కత్తి పట్టగానే ఆయన చేసే మొదటి పని, ఎడమ కొక్కేనిలోంచి మెత్తటి భాగం కోసి, అడ్డాకులో పొట్లం కట్టి, "ఇది మనింటికే, ఎవురికీ ఇయ్యకు" అని పెళ్ళాం చేతిలో పెట్టడం. తను మాత్రం ఆ కూర ముట్టేవాడు కాదు. పొద్దున్నుంచీ దాన్నే కోసిన చేతితో దాన్నే కలుపుకోబుద్ధి కాక చారూ మజ్జిగతో లేచిపోయేవాడు. పెళ్ళానికీ పిల్లకీ ఊళ్ళోకెల్లా మంచి మాంసం పెడుతున్నానన్న తృప్తే ఆయనకి నంజుడు. నూకరత్నం పోయాక కుడి కొక్కేన్ని ఊడబీకేశాడు.

అందుకే కూతురు కూరడిగితే ఆయనకి ఏ సందేహమూ కలగలేదు. అదే ఎడమ కొక్కేం, అదే అడ్డాకు, అదే మాంసం. కావలసిందల్లా ఓ వంట.

మొదటి ఆదివారం కుక్కరు పెట్టాడు. మూడు కూతలకే ముక్క ముద్దయిపోయింది. షెకీనా ఒక ముక్క నోట్లో పెట్టుకుంది.

"బాగుంది నాన్నా," అంది, పళ్ళెం పక్కకి జరుపుతూ.

"బాగుంటే మరి తినవేటి?"

"అమ్మ కూరలా లేదు."

ఆ మధ్యాహ్నం మాత్ర వేసుకుంది; పావుగంటలో మాత్రా, ఆ ఒక్క ముక్కా కలిసి బయటికొచ్చాయి.

బుధవారం బెల్లం ముక్క వేశాడు. శుక్రవారం ఆవపిండి. మూడో ఆదివారం ఎవరో చెప్పారని గోంగూర. మసాలా మారింది, మూకుడు మారింది, కూతురి మాట మారలేదు.

"ఏటమ్మా తక్కువయ్యింది? ఉప్పా? కారవా?"

"నమలడానికేం లేదు నాన్నా! దూదిలాగుంది. అమ్మ కూర నమిలితే నమిలిన కొద్దీ లోపల్నుంచి రుచొచ్చేది. దీన్ని నోట్లో పెట్టగానే ఎక్కడికి పోతోందో తెలీట్లేదు."

"ఎనిమిది నెల్ల పందమ్మా అది! మీ అమ్మకీ నాను ఇచ్చింది ఇదే. నా సేత్తో కట్టి ఇచ్చేను!"

గొంతు లేచింది. లేచినందుకు వెంటనే సిగ్గుపడ్డాడు. మాంసం అదే అయినప్పుడు తేడా చేతిలోనే ఉండాలి. ఆ చెయ్యి మట్టిలో ఉంది. పెరట్లోకి వెళ్ళి కత్తులు కడగడం మొదలుపెట్టాడు. అవి పొద్దున్నే కడిగిన కత్తులు. ఎనిమిది అన్న అంకె ఆయన్ని పగబట్టింది. కూతురికి ఎనిమిదో నెల, రక్తం ఎనిమిది, కొట్లో ఎనిమిది నెలలు. కొట్లో ఎనిమిది నెలలంటే ముగింపు, ఇంట్లో ఎనిమిది నెలలంటే ఇంకా మొదలే కాలేదు. ఆ మొదలు సరిగ్గా మొదలవ్వాలంటే ఇంకో ఎనిమిదిని పైకెక్కించాలి. గడువులో పదిహేను రోజులు అప్పటికే కరిగాయి.

ఆ సాయంత్రం వెనక సందులోంచి అప్పలనర్సమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది, పిల్లని చూసిపోదామని. ఎనభై ఏళ్ళ మనిషి. చెవి సగం వినబడదు. నోట్లో మిగిలింది ఒకటే పన్ను. అదీ పన్ను కట్టనివాడి పొలంలా ఎప్పుడు చేజారిపోతుందో తెలీకుండా ఉంది. ఇంటికొచ్చిన పెద్దదాన్ని ఊరికే పంపడమెందుకని జ్ఞానప్రకాశం మిగిలిన కూర గిన్నెలో పెట్టి ఇచ్చాడు.

ముసలమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

"ఇదేరా పెకాసం. రెండేల్లయ్యింది ఈ ముక్క తిని. రత్నం పోనాక మళ్ళీ ఇయ్యాలే."

"రత్నం నీకెందుకిచ్చింది?"

"ఎందుకేటి? పెతి ఆదోరం ఇచ్చేది. నువ్వు కట్టిన అడ్డాకు పొట్లం కట్టినట్టే అట్టుకొచ్చీసి నా గుమ్మంలో ఎట్టీసేది. ఇప్పను కూడా ఇప్పేది కాదు."

జ్ఞానప్రకాశం చేతిలోని గరిటె అక్కడే ఆగింది. "మరి మా ఇంట్లో వండిందేటి?"

"ఆఁ?"

"మా ఇంట్లో! ఏటి! వండీది!"

"కుడి కొక్కేనిదిరా. తల్లిపందిది." అప్పలనర్సమ్మ రెండో ముక్క తీసుకుంది. "నానడిగేనురా. ఓలె రత్నం, ఇది నాకిచ్చెత్తే మీ గుంటకేటెడతావే అని. ఏటందో తెలుసా? మా పిల్లకి నోటి నిండా పళ్ళు అమ్మమ్మా, నీకు ఒక్కటే. అది నవుల్తాది, నువ్వు మింగు, అని. మీ పెకాసానికి సెప్పకు, ఉడుక్కుంటాడు అని కూడా అంది. ఇప్పుడు సెప్పీసేను కాదేటి?"

షెకీనా మొదట తెల్లబోయింది. తెల్లబోవడానికి ఆ మొహంలో ఇంక మిగిలిందేమీ లేదు గనక వెంటనే నవ్వింది. పుట్టింటికొచ్చాక అదే మొదటి నవ్వు.

"అంటే నాన్నా, చిన్నప్పట్నుంచీ నేను తిన్నది ముసలి పందా?"

ఆయన నవ్వలేదు. ఇరవై రెండేళ్ళ ఆదివారాలు కళ్ళ ముందు తిరుగుతున్నాయి. తను చారన్నం తిని లేస్తుంటే గిన్నె మీద మూత పెట్టి నవ్వే నూకరత్నం. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ మూత తీసి ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఉంటే, గిట్టలు చూసే పంది వయసు చెప్పే మనిషికి నాలుక చెప్పి ఉండేది కదా! కోపం రావాలి. వచ్చింది కూడా. గుమ్మం దాకా వచ్చి, లోపలెవరూ లేరని తెలుసుకుని వెనక్కి పోయింది.

"అమ్మమ్మా," అన్నాడు ముసలమ్మ చెవి దగ్గర వంగి, "ఎలా వండేది?"

"పొట్టు పొయ్యి. దాని నిండా వరి పొట్టు కూరీసి, కుండెట్టీసి గుడికెల్లిపోయేది. పొట్టు మండదు, ఊరికే రాజుకుంటాది. ఆరాధనయ్యి ఒచ్చేసరికి సగం. ఎంతసేపే అంటే, ఎన్నేల్ల పందికి అన్ని గంటలు అనేది. నాలుగేల్లదైతే నాలుగు. వయసొచ్చినా దానికి వోటూ లేదు, సీటూ లేదు. వయసుకి తగ్గ మర్యాద సెయ్యాలంతే అనేది."

సోమవారం తెల్లవారుతూనే జ్ఞానప్రకాశం రావికమతంలో పోతురాజు కళ్ళం దగ్గర దిగాడు. పోతురాజు చెరుకూ పందులూ రెండూ పెంచుతాడు. చెరుకు మిల్లుకి, పందులు ప్రకాశానికి.

"ముసలి పంది కావాల బావా. ఈనిందై ఉండాల."

పోతురాజు నోట్లో చుట్ట ఆరిపోయింది. "ఎనిమిది నెల్ల పెకాసమేటి, ముసలి పందిని అడగడమేటి? నీకు గాని ఒంట్లో బాగులేదేటి బావా?"

"నాకు బాగానే ఉంది. నా కూతురికే ఒంట్లో ఐరన్ లేదు."

"అయితే ముసల్దెందుకు?"

జ్ఞానప్రకాశం రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న మాట బయటికి తీశాడు. నలభై ఏళ్ళుగా చూస్తూ చూడని సంగతి అది. "మాంసం రంగు సూసేవా ఎప్పుడైనా? ఎనిమిది నెల్లప్పుడు గులాబీ పువ్వు. ఏడాదికి దానిమ్మ గింజ. నాలుగేల్లకి నేరేడు పండు. వయసొచ్చే కొద్దీ ఆ ఎరుపెక్కడ్నుంచి వత్తన్నాది? అదే రక్తం, అదే ఐరన్ అనుకుంటన్నాను. మెత్తదనం సూసుకుని ఇన్నాళ్ళూ ఎరుపునొదిలేసేను."

పోతురాజు ఒక నల్ల ఆడపందిని చూపించాడు. చెవులు వేలాడుతున్నాయి, పొట్ట నేలకి రాస్తోంది. ఏడు ఈతల్లో యాభై పిల్లల దాకా కన్నదట. జ్ఞానప్రకాశం దవడ విప్పి చూశాడు. నాలుగేళ్ళ మూడు నెలలు. పళ్ళు అరిగిపోయి ఉన్నాయి. అది ఆయన వంక చూసి గుర్రుమంది, చాలామంది బిడ్డల తల్లి ఇంటికొచ్చిన కొత్త మనిషిని విసుక్కున్నట్టు. ఎన్నో పందులకి తాడు కట్టిన చెయ్యి ఆ రోజు దాని చెవి వెనక కాసేపు గోకింది. ఆ తర్వాతే తాడు కట్టింది.

ఆ తల్లిపంది పని అయ్యాక మాంసం కోస్తుంటే కత్తి రెండుసార్లు సాన పట్టాల్సి వచ్చింది. ముక్క నిజంగానే నేరేడు పండే. పెరట్లో మూలపడ్డ పొట్టు పొయ్యిని దులిపి, పొట్టు కూరి, కుండ ఎక్కించాడు. అల్లం, వెల్లుల్లి, ధనియాలు, చివర్లో చింతపండు, వేలి కొసంత బెల్లం. మూత మీద రాయి. గడియారం చూసుకుని దాని ముందు పీట వేసుకుని కూర్చున్నాడు.

మొదటి గంటకి ముక్క రాయి. రెండో గంటకి తోలు. "ఉడికిందా నాన్నా?" అని షెకీనా మూడుసార్లు అడిగింది. మూడో గంట దాటాక వాసన మారింది. వంటింటి కిటికీలోంచి పోయి, ముందుగది దాటి, మంచం దాకా నడిచింది. ముక్కు మూసుకునే పిల్ల తనంతట తాను లేచి వచ్చి పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుంది.

"అదే నాన్నా," అంది. "అదే."

పావుగంట అటూ ఇటూగా నాలుగు గంటలకి మూత తీశాడు. ముక్క విరిగింది, కాని విడిపోలేదు. షెకీనా అన్నంలో కలుపుకుని, ఒక ముక్క తీసుకుని, నమిలింది. నమిలింది. నములుతూనే ఉంది. దవడ ఆడుతుంటే జ్ఞానప్రకాశం కళ్ళార్పకుండా చూస్తూ కూర్చున్నాడు. పళ్ళెం ఖాళీ అయింది. రెండోసారి పెట్టించుకుంది. తర్వాత మాత్ర వేసుకుంది. పావుగంట గడిచింది. అరగంట. మాత్ర బయటికి రాలేదు. షెకీనా నిద్రపోయింది.

అప్పుడు ఆయన గిన్నె అడుగున మిగిలిన కూరలో చేతెడు అన్నం కలిపాడు. ఇరవై రెండేళ్ళు ఆలస్యంగా మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ముక్క వెంటనే లొంగలేదు. కాస్త ఆగమంది. ఆగితే లోపల దాచుకున్నది మెల్లగా ఇచ్చింది.

"ఎంత దొంగవే రత్నం," అన్నాడు కుండ మూతతో.

ఆ తర్వాత రావికమతం చుట్టుపక్కల ముసలి పందులకి గడ్డు రోజులొచ్చాయి. కొట్లో కుడి కొక్కేం మళ్ళీ గోడకెక్కింది. గడువు చివరి రోజున కృపావతి బట్టలు సర్దుకుని, వెంట వచ్చిన కొడుకు, షెకీనా భర్త అరుణ్ కుమార్ చేత ఆటో కూడా మాట్లాడించుకుని దిగింది. నలుగురూ కలిసి రక్తం పరీక్షకి వెళ్ళారు. కాగితం మీద తొమ్మిదిన్నర.

డాక్టరమ్మ వాళ్ళ కథంతా విని నవ్వింది. ముదురు మాంసంలో ఐరన్ కొంచెం ఎక్కువుండే మాట నిజమేనని, అయినా ఎక్కించింది మాత్రం ముఖ్యంగా మాత్రలేనని, కడుపు నిండా తిండి పడబట్టే ఆ మాత్రలు నిలిచాయని చెప్పింది. పందిని అంతసేపు ఉడికించడం మంచిదని మెచ్చుకుంది. ఇలాగే ఎక్కుతుంటే కాన్పు ఇక్కడే చేద్దామంది. కృపావతి బయటికొచ్చి ఆటోవాడితో, "వైజాగు వద్దు బాబూ, రైల్వే గేటు దగ్గరికి పోనీ" అంది. ఆటోలో చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "ఆ ఇనప వస్తువు మహిమ కూడా ఉందన్నయ్యగారూ" అంది. జ్ఞానప్రకాశం బజారు వైపు మొహం తిప్పుకున్నాడు.

తొమ్మిది నిండాక, పదిన్నర రక్తంతో షెకీనా ఆడపిల్లని కంది. పిల్ల ఏడుపు మూడు వీధులకి వినబడింది. ముదిరిన మగపంది వాసన కంటే దూరం వెళ్ళిందని త్రినాధరావు సాక్ష్యం.

పిల్లని గుడిలో దేవుడికి ప్రతిష్ఠ చేసిన ఆదివారం, పాస్టరుగారు బిడ్డని చేతుల మీదికి తీసుకుని అమ్మమ్మ, నాయనమ్మల పేర్లు రెండూ కలిపి రత్నకృప అని పిలిచారు. ఇంటి ముందు పందిరి వేశారు. రెండు కుండల కూర. ఎడమ పొయ్యి మీద ముప్పావుగంటది, కుడి పొయ్యి మీద నాలుగు గంటలది. పళ్ళు లేనివాళ్ళు ఎడమవైపు, ఉన్నవాళ్ళు కుడివైపు కూర్చోమని జ్ఞానప్రకాశం కేకలేస్తున్నాడు. అంతలో మాడుగుల నుంచి కృపావతి వైపు ఆడవాళ్ళు దిగారు. ఐదుగురు. ఐదుగురి చంకల్లోనూ ఐదు అట్టపెట్టెలు.

"ఇవేటి?" అన్నాడు జ్ఞానప్రకాశం.

"మీ ఆచారమే అన్నయ్యగారూ!" అంది కృపావతి, పూలు పూచినట్టు. "మా గుళ్ళో అందరికీ చెప్పేను. పిల్లకి దిష్టి తగలకుండా తలో ఇస్త్రీ పెట్టె తెచ్చేరు. ఈ రెండు నెలల్లో మా వీధిలో ముగ్గురు పిల్లలకి పుట్టింటివాళ్ళు పెట్టేరు. నూకాలుగారి అల్లుడైతే, నీళ్ళోసుకునే రకమే కావాలని అలిగేడు."

పందిరి కింద షెకీనా పిల్లని ఒళ్ళో వేసుకుని తండ్రి వంక చూసింది. ఆ పెదవి మళ్ళీ కొరుక్కుంటోంది. ఇప్పుడు దానికి కొరకడానికి ఎరుపుంది.

జ్ఞానప్రకాశం గరిటె కింద పెట్టాడు. కండువాతో మొహం తుడుచుకుని పందిరి మధ్యలోకి వచ్చాడు.

"సెల్లెమ్మా, పాస్టరుగారు ఇక్కడున్నారు, అబద్ధం ఆడలేను. అది ఆచారం కాదు. నా సెవిటి సెవి. పిల్ల ఒంట్లో ఐరన్ లేదంది, నాను ఇంట్లో ఐరన్ లేదని విని ఇస్త్రీ పెట్టె కొన్నాను. మీరడిగితే బయపడి ఆచారం పుట్టించేను. మా తాతకి కరెంటూ తెల్దు, బొగ్గుల పెట్టే తెల్దు. ఆయన గోచీకి ఇస్త్రీ ఎందుకు?"

పందిరంతా ఘొల్లుమంది. అట్టపెట్టెలు మాత్రం నవ్వలేదు. ఆయన నవ్వు ఆగేదాకా నిలబడి, కాస్త నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఇంకోటి కూడా సెప్పీయాల. ఇరవై రెండేల్లు నా పెళ్ళాం పిల్లలకి ఎనిమిది నెల్ల మాంసం ఎట్టేననుకున్నాను. అదీ నా పొరపాటే. రత్నం ఆ పొట్లం పళ్ళు లేని మా అప్పలనర్సమ్మమ్మకిచ్చీసి, నాను పనికిరాదన్న ముసలి పందిని గంటలు గంటలు ఉడకబెట్టి పిల్లకెట్టింది. ఇయ్యాల నా పిల్ల ఆ కూరతోనే కోలుకుంది. లేతది పళ్ళు లేనోళ్ళకి, ముదిరింది రక్తం లేనోళ్ళకి. ఈ తెలివి నాది కాదు, దానిది. అందరూ ఇనాలనే సెప్పేను."

ఈసారి పందిట్లో కొంగులు కళ్ళ మీదికి వెళ్ళాయి. కృపావతి లేచి, ఇన్నేళ్ళలో పంది కూర ముట్టని మనిషి, కుడి కుండ దగ్గరికి వెళ్ళి మూత తీసి లోపలికి చూసింది.

"ఎన్ని గంటలన్నారు అన్నయ్యగారూ?"

"ఎన్నేళ్ళ పందికి అన్ని గంటలు, సెల్లెమ్మా."

జ్ఞానప్రకాశం ఎడమ కుండలోంచి మెత్తటి ముక్కలు ఏరి, అడ్డాకులో పొట్లం కట్టి, ముందు వరసలో కూర్చున్న అప్పలనర్సమ్మ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ ఒంటి పన్ను కనబడేలా నవ్వి, పక్కనున్న షెకీనా మోచేతిని కర్రతో పొడిచింది.

"ఏటన్నాడే మీ అయ్య? అందరూ నవ్వీసేరు, మళ్ళీ ఏడిసేరు. నాకేటీ వినబడ్లేదు."

షెకీనా పిల్లని రెండో భుజం మీదికి మార్చుకుంది. ముసలమ్మ చెవి దగ్గర నోరు పెట్టి, పందిరి చివరనున్నవాళ్ళకి కూడా వినబడేలా, మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.

"ఇంట్లో కాదు అమ్మమ్మా! ఒంట్లో!"